ఇంటి చిల్లరపని – మన వృత్తిధర్మము
(వార్షిక మహాసభయందు విశ్వబ్రాహ్మణ సోదరుల యెదుట చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యనుగూర్చియు, రాజకీయ ప్రాతినిధ్యమునుగూర్చియు, వధూవరుల పరిచయమునుగూర్చియు పెద్దలు విపులముగా మాటలాడిరి. మమ్ము వృత్తికి సంబంధించిన విషయమొకదానిపై ప్రసంగింపుడని కార్యనిర్వాహకులు కోరిరి. మేము ఎన్నుకొన్న విషయము వినినంతనే కొందఱకు నవ్వు రావచ్చును. అంగడినుండి పెట్టెలో వచ్చిన బీరువాను బిగించుట, గోడకు అలమర తగిలించుట, వానకు ఉబ్బిన తలుపును చిత్రికపట్టుట, ఊడిన మడతబందును సరిచేయుట – ఇట్టి చిల్లరపనులకు గృహస్థుడు పనివానిని పిలుచు విధమును, పిలిచినప్పుడు పనివాడు నడచుకొనవలసిన విధమును మా విషయము. గోపురములు నిలిపినవారి సంతతి యెదుట గొళ్ళెములనుగూర్చి మాటలాడుట తగునా యని యెవరైనను అడిగినచో, ఆ ప్రశ్నకు సమాధానము చెప్పియే మేము కూర్చుందుము.

మొదట వెనుకకు చూతము. మన తాతల కాలమున గృహస్థుడు పనివానిని వెదకుకొనవలసిన యవసరము లేకుండెను. గ్రామమునకు తన వడ్రంగి, తన కమ్మరి యుండిరి. మేడి విఱిగినను, ఇరుసు అరిగినను, కవ్వము కావలసినను, పెండ్లికి పీటలు కావలసినను రైతు మన వాకిటికి వచ్చెడివాడు. కూలి ఆనాడే చేతికి వచ్చెడిది కాదు. పంట నూర్చిన పిమ్మట కల్లమునందు వడ్రంగిపాలు వేఱుగ కొలిచెడివారు. కోస్తాజిల్లాలలో దానిని మేర యనిరి. తెలంగాణమున బలూత యనిరి. ఏడాది పొడుగునను చేసిన చిన్నపెద్ద పనులన్నియు ఆ గింజలలో ఇమిడి యుండెడివి. కాబట్టి కవ్వము చెక్కుటకు ఇంత, కుంపటిపీట సరిచేయుటకు ఇంత యను బేరము లేకుండెను.

ఆ పద్ధతియందలి మేలు చెప్పితిమి. కీడును చెప్పుట న్యాయము. కఱవు వచ్చిన యేట రైతు కల్లము ఎండెను, దానితో మన యిల్లును ఎండెను. పని కాదనుటకు స్వాతంత్ర్యము లేకుండెను. కొలుచువాని దయనుబట్టి కుంచము నిండుటయు, తలకొట్టబడుటయు జరిగెను. కల్లపు అంచున పంచకొంగు పట్టుకొని నిలిచిన మా తాతగారి రూపము మా కన్నుల ముందు నేటికిని కదలుచున్నది. ఆ కాలము మరల రావలెనని మేము కోరుట లేదు. కాని అందొక్క గుణము నిలుపుకొనదగినది: చిన్నపని యని యెవనిని వాకిటినుండి త్రిప్పి పంపు ఆచారము మన వారికి లేకుండెను.

పిమ్మట ట్రాక్టరు వచ్చెను. బండ్లకు రబ్బరుచక్రములు వచ్చెను. నాగలి లేని యూర వడ్రంగికి మేర యెక్కడిది? మన వారు పట్టణములకు చేరిరి. టేకు దూలములు కోసి ద్వారబంధములు, కిటికీలు, పందిరిమంచములు చేసిరి. కొన్ని యేండ్లు బాగుగనే జరిగెను. అటుపై ప్లైవుడ్ వచ్చెను. అల్యూమినియము కిటికీలు, ప్లాస్టిక్కు తలుపులు వచ్చెను. ఇప్పుడు అట్టపెట్టె వచ్చినది. గృహస్థుడు చేతిఫోనులో బొమ్మ చూచి వెల చెల్లించును. మూడవనాడు బీరువా ముక్కలుగా ఇంటికి వచ్చును. ఆ ముక్కలను చూచి అతడును అతని భార్యయు నేలపై కూర్చుండి, ఎవరిని పిలుతమా యని ఆలోచింతురు. సోదరులారా! ఆ క్షణముననే మన భాగ్యము నిర్ణయింపబడుచున్నది.

ఈ పెట్టెవస్తువుల కథ నిన్న మొన్నటిది కాదు. 1859లో వియన్నా నగరమునందు మైకేల్ థోనెట్ అను కొయ్యపనివాడు ఆవిరితో కొయ్యను వంచి యొక కుర్చీ చేసెను. దానికి ఆఱు కొయ్యముక్కలు, పది మరమేకులు, రెండు నట్లు మాత్రమే. విప్పిన కుర్చీలు ముప్పదియాఱు ఒక ఘనమీటరు పెట్టెలో ఇమిడి ఓడలపై దేశదేశములకు పోయెను. 1956లో స్వీడను దేశపు ఐకియా సంస్థ కాళ్ళు విప్పి చదునుపెట్టెలో పెట్టదగిన బల్లలను అమ్మసాగెను. ఆ సంస్థయే 2018 ఆగస్టు 9వ తేదీన మన దేశమునందు తన మొదటి విక్రయశాలను హైదరాబాదునందు తెఱచెను. ఇప్పుడు పెట్టెవస్తువులమ్ము అంగళ్ళు మన పట్టణములందు పెక్కు గలవు. మనము ఒప్పుకొన్నను, ఒప్పుకొనకున్నను, పెట్టె మన వీథిలోనికి వచ్చినది. అది తిరిగి పోదు.

"ఇది మన పని కాదు, కొయ్యపొట్టును జిగురుతో అద్దిన పలకలకు మరలు త్రిప్పుట పిల్లల యాట" యని మనలో పెక్కుమంది యందురు. మేమును ఒకప్పుడు అట్లే అంటిమి. కాని యోచింపుడు. ఎద్దుబండి చక్రము ఏమి? నడిమి కుండయు, ఆకులును, చుట్టు వంపుచెక్కలును వేఱువేఱుగ చేసి, ఒకటితో నొకటి కూర్చి, కాల్చిన ఇనుపపట్టా తొడిగి, నీళ్ళు చల్లి బిగించినదే గదా. పందిరిమంచము ఏమి? కోళ్ళు, పట్టెలు, పందిరి విప్పి, ఒక యింటనుండి వేఱొక యింటికి మోసి, మరల నిలిపినదే గదా. ఆడబిడ్డ కాపురమునకు పోవునప్పుడు మంచముతోపాటు దానిని బిగించుటకు వడ్రంగియు బండి యెక్కి పోయిన దినములు మనలో ముదుసలులకు జ్ఞప్తియందుండును. ముక్కలను కూర్చి నిలబెట్టుట మనకు క్రొత్తవిద్య కాదు. ముక్కలను చేసినవాడు మాఱెను, అంతియ.

ఇక మా తప్పు చెప్పుకొందుము. పెద్దల యెదుట చెప్పుకొనిన తప్పు కొంత తేలికపడునందురు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా వీథిలో ఉద్యోగము చేసికొను దంపతులు అద్దెకు దిగిరి. ఒకనాటి సాయంకాలము ఆ యిల్లాలు మా దుకాణమునకు వచ్చి, "బాబాయిగారూ, పెట్టెలో సొరుగుల బీరువా వచ్చింది. కాస్త బిగించి పెడతారా? ఎంతయినా ఇస్తాము" అనెను. మేము చేతిలోని ఉలి దింపకయే, "అమ్మా, మేము కొయ్య కోసి బీరువా చేసేవాళ్ళం. పెట్టెలు విప్పేవాళ్ళం కాము" అంటిమి. ఆమె చిన్నబోయి వెడలిపోయెను. మా కుఱ్ఱవారు నవ్విరి. మేము గొప్పమాట యంటిమని మురిసితిమి.

వారు త్రోవన పోవు కుఱ్ఱవాని నెవనినో పిలిచి ఆ బీరువాను బిగించుకొనిరి. చూపునకు బాగుగనే నిలిచెను. రెండు నెలలకు వారి ఆఱేండ్ల పాప పైనున్న బొమ్మకొఱకు సొరుగులు ఒకటి వెనుక నొకటి లాగి, వానినే మెట్లుగా చేసికొని యెక్కెను. బీరువా ముందునకు ఒఱగి పడెను. ప్రక్కనున్న మంచపుపట్టె దానిని ఆపినది గనుక ప్రాణము దక్కెను, మోచేతియెముక విఱిగెను. కేక విని మేమును పరుగెత్తితిమి. బీరువాను లేవనెత్తునప్పుడు క్రింది సొరుగులో ఒక చిన్నపొట్లము కనబడెను. గోడకు పట్టించు రెండు ఇనుపపట్టీలు, నాలుగు మరమేకులు, గోడలో దిగవేయు ప్లగ్గులు అందున్నవి. ఆ పొట్లము విప్పనైనను విప్పలేదు.

ఆ కుఱ్ఱవానిని మేము తప్పుపట్టము, అతనికి తెలియదు. తెలిసినవారము మేము. ఇరువదినిమిషముల పనికి మా గౌరవము అడ్డువచ్చినది. ఆ పాప తల్లి మమ్ము ఒక్కమాటయు అనలేదు. అనియున్నచో మాకు కొంత సులువయ్యెడిది.

ఇట్టి యపాయము ఒక్క యింటి మాట కాదు. అమెరికాదేశమున సొరుగుబల్లలు ఒఱగి పడి పసిపిల్లలు మరణింపగా, 2016 జూనులో ఒక గొప్ప వ్యాపారసంస్థ 2 కోట్ల 90 లక్షల సొరుగుబల్లలను వెనుకకు పిలిపించుకొనెను. 2022 డిసెంబరులో ఆ దేశము దీనికై శాసనము చేసెను. దాని ననుసరించిన గట్టి నియమములు 2023 సెప్టెంబరు 1 నుండి అమలునకు వచ్చెను. కారణము సులభముగ బోధపడును. సొరుగులన్నియు మూసియున్నప్పుడు బరువు వెనుకకు ఉండును. రెండుమూడు సొరుగులు ఒక్కసారి లాగి, వానిపై బిడ్డ కాలుమోపినచో బరువు ముందునకు వచ్చును. క్రింద వెడల్పు తక్కువ, పైకి ఎత్తు ఎక్కువ యైనది పడక తీఱదు. గోడకు పట్టీ వేసినచో పడదు. ఇంతటి దానికి శాస్త్రమేమియు అక్కఱలేదు, తెలిసిన చేయి చాలును.

తెలిసిన చేయి యని మేమనుట ఊరక కాదు. కొయ్యపొట్టు పలక స్వభావము వేఱు, టేకు స్వభావము వేఱు. టేకునందు మరమేకును విప్పి మరల బిగింపవచ్చును. పొట్టుపలకలో ఒకసారి మర తెగినచో ఆ రంధ్రము మరల పట్టదు. అందుచేత విద్యుత్తుయంత్రముతో చివరివఱకు త్రిప్పరాదు. కడపటి చుట్లు చేతితో త్రిప్పవలెను. చేతికి బిగువు తెలియును, యంత్రమునకు తెలియదు. ఆ పలకకు నీరు తగిలినచో ఉబ్బి పొరలు విచ్చును. నిత్యము తడిగుడ్డతో నేల తుడుచు మన యిండ్లలో బీరువా అడుగు నేలను తాకకుండ కాళ్ళు గాని, దిమ్మలు గాని పెట్టుట మఱవరాదు.

బీరువా వెనుకరేకును కొట్టుటకు ముందు ఒక మూలనుండి ఎదుటి మూలకు, రెండవ మూలనుండి దాని ఎదుటి మూలకు కొలువవలెను. రెండు కొలతలును సరిపోయినప్పుడే చట్రము మూలమట్టమునకు ఉన్నదని యర్థము. కొలువక కొట్టినచో తలుపులు ఎన్నటికిని ఒకదానితో నొకటి కలియవు. అప్పుడు గృహస్థుడు అంగడివానిని తిట్టును. అంగడివాడు పనివానిని తిట్టును. తప్పు మాత్రము కొలవని రెండునిమిషములది.

గోడపని యింకను జాగ్రత్త కోరును. గోడపై గచ్చు అంగుళములో సగమో, ముప్పాతికయో యుండును. ప్లగ్గు ఆ గచ్చును దాటి ఇటుకలోనికి దిగినప్పుడే బరువు మోయును. ఎనిమిది మిల్లీమీటర్ల ప్లగ్గునకు ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రమే వేయవలెను. పెద్దదివేసి కాగితము కుక్కుట మోసము. ఈనాటి బహుళాంతస్తుల భవనములలో తేలిక సిమెంటుదిమ్మల గోడలు వచ్చినవి. మామూలు ప్లగ్గు వానిలో నిలువదు, వానికి వేఱు ప్లగ్గులు గలవు. స్విచ్చుపెట్టెకు నిలువుగా పైనను క్రిందను గోడలో తీగెలు పోవుచుండును గనుక ఆ వరుసలో బరమా పెట్టరాదు. స్నానపుగది గోడలో నీటిగొట్టములుండును. అడుగక తొలిచినవాడు ఆ సాయంకాలమంతయు బక్కెటతో నీళ్ళు తోడవలసినదే.

వానకాలమున ఉబ్బిన తలుపునుగూర్చి ఒక్కమాట. బిగుసుకొన్నదని ఒక్కసారిగా చిత్రికపట్టినచో వేసవిలో సందు పడును, ఆ సందున బల్లి దూరును. ఒఱయుచోట మాత్రము కొంచెము తీసి, ఆ చెక్కిన అంచునకు వెంటనే రంగుగాని, వార్నీషుగాని పూయవలెను. తేమ లోనికి పోవుట ఆ పచ్చియంచుగుండనే. ఇవి తెలిసినవానికి ఇరువదినిమిషములు. తెలియనివానికి ఒక తలుపు నష్టము. కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అని పెద్దలు ఊరక యనలేదు.

ఇప్పుడు గృహస్థులతో మాటలాడుదుము. ఈ సభయందే ఉద్యోగస్థులగు మన సోదరులును, ఇండ్లు నడపు సోదరీమణులును అనేకులు గలరు. వారికి మా విన్నపము ఇది. పనివానిని పిలుచునప్పుడు పని యంతయు ముందే చెప్పుడు. "చిన్నపని యొకటి యున్నది, రండి" యని పిలిచి, వచ్చిన పిమ్మట అయిదు పనులు చూపుట మర్యాద కాదు. గోడయొక్కయు, వస్తువుయొక్కయు చిత్రము ఫోనులో పంపుడు, కొలత చెప్పుడు, పెట్టెలోని సూచనపత్రమును పాఱవేయకుడు. ఏ అంతస్తో, లిఫ్టు ఉన్నదో లేదో తెలుపుడు. పని ప్రారంభమునకు ముందే కూలి మాటలాడుకొని, వ్రాసికొని, పని పూర్తియైన వెంటనే చెల్లింపుడు. వెయ్యికి సరిపోవు పనికి మూడుమార్లు ఇంటిచుట్టు త్రిప్పుకొని ఏడువందలు చేతిలోపెట్టుట లాభము కాదు. రెండవమారు ఆ చేయి మీ యింటికి రాదు.

"పదినిమిషముల పనికి అయిదువందలా?" యని అడుగువారు పెక్కురు. ఒక లెక్క చెప్పుదుము. అలమర యొకటి తగిలింపవలెను, రెండు రంధ్రములు. పనివాడు ఇంటినుండి మీ యింటికి వచ్చుటకు ముప్పావుగంట. కావలివాని పుస్తకములో పేరు వ్రాసి లోనికి వచ్చుటకు పదినిమిషములు. ఎక్కడ పెట్టవలెనో భార్యాభర్తలు ఏకాభిప్రాయమునకు వచ్చుటకు పావుగంట. కొలిచి, మట్టము చూచి, తొలిచి, తగిలించి, రాలిన దుమ్ము ఊడ్చుటకు అరగంట. తిరిగి పోవుటకు ముప్పావుగంట. మొత్తము రెండుగంటలు దాటెను. పెట్రోలు అతనిది, అరుగు బరమాముల్లు అతనిది, ఆ రెండుగంటలలో అతడు వదలుకొన్న వేఱుపనియు అతనిదే. గృహస్థునకు కనబడునది పదినిమిషములు మాత్రమే. కనబడని రెండుగంటలను లెక్కవేయుటయే న్యాయము. మీ యింటి చిల్లరపనులను ఒక కాగితముపై వ్రాసియుంచి, నాలుగైదు కూడిన పిమ్మట ఒకేసారి పిలిచినచో ఆ రాకపోకల ఖర్చు అన్నింటిపై పంచుకొనబడును. మీకును చౌక, అతనికిని లాభము.

మఱియొకమాట కొంచెము నొప్పించును, క్షమింపుడు. మన వారిలోనే చదువుకొని పెద్దజీతము పొందు కొందఱు, సొంత పినతండ్రి వడ్రంగియై పనిలేక కూర్చుండగా, ముఖమెఱుగని వానిని ఫోనులో పిలిపించుకొనుచున్నారు. పొరుగింటి పుల్లకూర రుచి యన్న సామెత మనయందు నిజమగుట విచారకరము. బంధువును పిలిచినచో కూలి ఇచ్చుటకు మొగమాటము, ఇయ్యకుండుటకు మొగమాటము అని వారందురు. మొగమాటమునకు మందు ఒక్కటే: బంధువైనను పని పనియే, కూలి కూలియే. భోజనము పెట్టి కూలి ఎగవేయుట బంధుత్వము కాదు.

ఇక పనిచేయు సోదరులారా! మీపై గృహస్థులు చెప్పు ఫిర్యాదులను మేము విన్నాము, మీరును వినవలెను. రేపు వత్తునని చెప్పి రాకపోవుట. ముందు డబ్బు తీసికొని ఫోను ఎత్తకపోవుట. సగము పని విప్పి, వేఱొక చోటికి పరుగెత్తుట. తెలియనిదానిని తెలియునని చెప్పి చెఱచుట. ఈ నాలుగును మన కులవిద్యకు మచ్చలు. రాలేనిచో ఒకమాట ఫోనులో చెప్పుటకు ఖర్చు లేదు. పని చూచి, "ఇది నా చేతి పని కాదు" అని చెప్పగలుగుట నేర్పులో భాగమే. విద్యుత్తుతీగెల పని విద్యుత్తుపనివానికే విడువుడు. పొయ్యివాయువు గొట్టముల జోలికి పోకుడు. మిగిలిన మరమేకులను పొట్లముకట్టి గృహస్థునకు ఇండు. రాలిన పొట్టును ఊడ్చుడు. స్త్రీలు ఒంటరిగానున్న యింట తలుపు తెఱచియుంచి పని చేయుడు. గోడకు పట్టీ వేయవలసిన బీరువాకు ఇంటివారు వలదన్నను ఎందుకు వేయవలెనో విడమరచి చెప్పుడు. అద్దెయింటి గోడకు రంధ్రము వేయరాదని వారు భయపడుచుందురు. రంధ్రము పూడ్చుటకు చెంచాడు పుట్టీ చాలునని చెప్పుడు.

ఫోనులోని యాపుల ద్వారా పనివారిని పంపు సంస్థలనుగూర్చి మనలో రెండు మాటలు వినబడుచున్నవి. ఒకరు వానిని శత్రువులందురు, ఒకరు అన్నదాతలందురు. రెండును అతిశయోక్తులే. అవి గృహస్థునకు ఇచ్చినది మూడు నమ్మకములు: వెల ముందే తెలియును, వచ్చు గంట తెలియును, చెడినచో అడుగుటకు ఒక చోటు గలదు. ఈ మూడును మనము ఏనాడో ఇచ్చియున్నచో వాని యవసరమే వచ్చియుండెడిది కాదు. అందుకు వారు మన కష్టములో పాలు తీసికొనుచున్నారు. ఎవరో వేసిన మార్కులనుబట్టి పని తగ్గుటయు, ఆగుటయు గలదు. 2020 నాటి సామాజిక భద్రతాస్మృతి ఇట్టి సంస్థల ద్వారా పనిచేయువారిని చట్టమునందు మొదటిసారిగా గుర్తించెను; అది 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చెను. వానిలో పనిచేయుచున్న మన పిల్లలు ఈ సంగతి తెలిసికొని తమ పేర్లు ప్రభుత్వపు పట్టికలో ఎక్కించుకొనవలెను.

మన మూలపురుషుని పేరిట కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న పి.ఎం. విశ్వకర్మ పథకమును ప్రారంభించెను. పదునెనిమిది వృత్తులలో వడ్రంగము, కమ్మరము, కంసాలిపని, శిల్పము మొదలగు మన వృత్తులు గలవు. అయిదు మొదలు ఏడు దినముల ప్రాథమిక శిక్షణ, ఆ దినములకు రోజునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల సాయము, నూటికి అయిదు వడ్డీపై మొదట లక్ష, పిమ్మట రెండు లక్షల అప్పు ఆ పథకమునందలి ముఖ్యాంశములు. 15,000 రూపాయలతో గోడ తొలుచు యంత్రమును, మరలు త్రిప్పు యంత్రమును, మట్టపుగొట్టమును, మంచి ఉలులును కొనవచ్చును. పనిముట్ల సాయమును ఇంటిఖర్చునకు వాడుకొన్నవాడు తన చేయి తానే నఱకుకొన్నవాడు. ఏడాదికి 20 రూపాయలు చెల్లించినచో ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు 2 లక్షలు వచ్చు సురక్షా బీమా ఒకటి బ్యాంకులందు గలదు. నిచ్చెన యెక్కువాడు ఆ యిరువది రూపాయలు కట్టకుండుట దోషము.

కాని ప్రభుత్వము చేయలేనిది, మనము చేయవలసినది కొంత గలదు. ఈ సభకు మేము నాలుగు సూచనలు సమర్పించుచున్నాము. మొదటిది: పట్టణమునందలి ప్రతి పేటకును చిల్లరపని చేయు సోదరుల పట్టిక యొకటి తయారుచేసి, సంఘము పూచీ వహింపగల వారి పేర్లనే అందు చేర్చవలెను. రెండవది: సాధారణమగు పనులకు కూలిపట్టిక యొకటి అచ్చువేయించి, రాకపోకల కనీసపు కూలిని అందే స్పష్టపఱుపవలెను. మూడవది: మన విద్యార్థివసతిగృహమునందు ఆదివారములందు పెట్టెబీరువాలు బిగించుటయు, గోడపనియు నేర్పవలెను. అచ్చట చదువుకొను పిల్లలును నేర్చుకొనవచ్చును. పరదేశములకు పోయిన మన బిడ్డలు అచ్చట తమ బల్ల తామే బిగించుకొనుచున్నారు గదా! ఆడబిడ్డలకును ఈ విద్య నేర్పుడు. మరమేకు త్రిప్పుటకు మీసము అక్కఱలేదు. నాలుగవది: యంత్రములు కొనలేని వారికొఱకు సంఘము రెండుమూడు యంత్రములు కొని దినపు అద్దెకు ఇయ్యవలెను. ఈ పట్టికలో పనిచేయువారు మనవారు కావచ్చును. పిలుచువారు ఎవరైనను కావచ్చును. ఏ కులపు వాకిలియైనను మనకు వాకిలియే.

ఈ వృత్తివలన మేడలు కట్టగలమని మేము చెప్పుట లేదు. చిల్లరపనికి పోయినవాడు ఇంటి లోపలికి పోవును. ఇంటి లోపలికి పోయినవానిని ఆ యిల్లాలు వంటగది చూపి, "ఇక్కడ ఒక అర కావాలి" అనును. పై సంవత్సరము క్రొత్త యిల్లు కట్టునప్పుడు, "మా బీరువా బిగించిన ఆయన ఉన్నాడుగా" యని గుర్తుచేసికొనును. మన దుకాణమునకు నేడు వచ్చు పెద్దపనులలో సగము ఇట్లు వచ్చినవే. మేము కాదన్న బీరువా ఎన్ని వాకిళ్ళు మూసెనో యెవరు లెక్కింపగలరు?

కడపటిమాట. మోచేయి విఱిగిన ఆ పాప ఇప్పుడు హైస్కూలులో చదువుచున్నది. కట్టు విప్పిన మఱునాడు మేము బరమా తీసికొని వారింటికి పోయి, ఆ పొట్లములోని పట్టీలను గోడకు బిగించి వచ్చితిమి. కూలి యిత్తుమనిరి, తీసికొనలేదు. ఆనాటినుండి పెట్టెబీరువాకు పిలిచినవారి నెవరిని మేము త్రిప్పి పంపలేదు. గోడపట్టీ వేయక యే యిల్లును వదలలేదు.

గోపురములు నిలిపినవారికి గొళ్ళెము తగునా యని ప్రారంభమున ఒక ప్రశ్న మిగిల్చితిమి. గోపురమునకును గొళ్ళెమునకును మూలమట్టము ఒక్కటే. వంకరపోయినచో రెండును కూలును. సరిగానున్నచో రెండింటి క్రిందను మనుష్యులు నిశ్చింతగా నిదురింతురు. వారి నిదురకు పూచీ వహించుటయే మన వృత్తి. దానిని చిన్నపని యని త్రోసిపుచ్చకుందుము గాక.

 శ్రీ విశ్వకర్మ పరబ్రహ్మము మన చేతులకు నేర్పును, మన మాటకు నిలుకడను ప్రసాదించుగాక.

శుభం భూయాత్.